నీటిగుర్రం ఒళ్ళో మా అక్క

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. మా వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. జుట్టు కత్తిరించేటప్పుడు ఎవరైనా ఊరికే తల కదిపితే, "అయితే నువ్వే కత్తిరించుకో" అని కత్తెర వాళ్ళ చేతిలో పెట్టేసే రకాన్ని. కానీ ఆ శనివారం నాకొచ్చిన కోపం అలాంటిది కాదు. అది ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

మా అక్క నెరేయిదా కూతురు సరాయ్‌కి పదిహేనేళ్ళు నిండాయి. మా బర్రాంకియా ఊళ్ళో ఆడపిల్లకి పదిహేనో పుట్టినరోజంటే పెళ్ళంత హడావిడి. బుట్ట గౌను, కిరీటం, హాలు నిండా చుట్టాలు, అందరి మధ్యా తండ్రి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుని వాల్ట్జ్ నాట్యం ఆడాలి. సరాయ్ తండ్రి సంగతి నన్నడక్కండి, నా నోరు మంచిది కాదు. ఆయన బదులు మా అన్నయ్యని నిలబెడదామని అక్క అంది.

"మావయ్యతో నేనాడను. కాళ్ళు తొక్కేస్తాడు," అంది సరాయ్. "అయినా నన్ను పెంచింది ఆయనా?"

"మరేం చెయ్యమంటావే?"

"పార్టీ వద్దు. మనిగ్వా పార్కుకి వెళ్దాం. నేను పుట్టిన టైముకి, మూడూ ఇరవైకి, అమ్మ నాతో మొసలి రైలు ఎక్కాలి. అదే నా వాల్ట్జ్."

ఆ మాట వినగానే అక్క చేతిలో గరిట ఆగిపోయింది. బాణలిలో వడలు మాడుతున్నా చూసుకోలేదు. బడి గేటు దగ్గర పదేళ్ళుగా వేపుళ్ళు అమ్ముతున్న మనిషి, ఒక్క వడ మాడనివ్వని మనిషి.

"నాకు ఎత్తులంటే పడదు కదమ్మా," అంది మెల్లగా.

"తెలుసు. అప్పుడు నేను చిన్నపిల్లని. ఇప్పుడు పెద్దదాన్నయ్యాను, నీ చెయ్యి గట్టిగా పట్టుకుంటా. సరేనా?"

సరాయ్ తొమ్మిదేళ్ళప్పుడు బడివాళ్ళు ఆ పార్కుకి తీసుకెళ్ళారు. అక్క కూడా వెళ్ళింది. మొసలి దాకా వెళ్ళి, భయమేసి వెనక్కొచ్చేసిందనీ, సరాయ్ వేరే పిల్ల తల్లితో ఎక్కిందనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆరేళ్ళుగా దాన్ని పట్టుకుని అక్కని ఏడిపిస్తూనే ఉన్నాం. అందులో పెద్ద పాత్ర నాదే. కుర్చీ ఎక్కి బల్బు మారుస్తుంటే కూడా "జాగ్రత్తక్కోయ్, ఎత్తు!" అని అరిచేదాన్ని.

సరే, శనివారం పొద్దున్నే ముగ్గురం బస్సెక్కాం. సరాయ్ జీన్స్ మీద గులాబీ రంగు పట్టీ అడ్డంగా వేసుకుంది, నెత్తిన కిరీటం పెట్టుకుంది. అక్క సంచిలో ఇరవై కారిమన్యోలాలు పెట్టింది. కర్రపెండలం పిండిలో మాంసం కూరి వేయించిన అలాంటి ముద్దలు అక్క చేసినట్టు ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేరు. గేటు దగ్గర సంచి తెరిచిన వాచ్‌మన్ బయటి తిండి లోపలికి రాదన్నాడు.

"తిండి కాదు నాయనా, మందు," అన్నాను. "మా అక్కకి షుగరు."

"ఇరవై మందులా?"

"పెద్ద జబ్బు."

నవ్వాడు, రెండు తీసుకున్నాడు, వదిలేశాడు. మంచివాడే. ఆ పార్కులో ఆ రోజు కనిపించిన మంచివాళ్ళు ఇద్దరు. వాడొకడు.

మనిగ్వాలో అన్నిటికీ జంతువుల పేర్లే. చిన్న రోలర్ కోస్టర్ ఇగ్వానా. కాళ్ళు గాల్లో వేలాడేసి తిప్పేది అరుపుకోతి. అన్నిటికంటే పెద్దది మొసలి. ఆకుపచ్చ పట్టాల మీద రైలు ఏడంతస్తుల ఎత్తు ఎక్కి, అక్కడో క్షణం ఆగి, తెరిచిన నోట్లోంచి నేరుగా చెరువులోకి దూకినట్టు దూకుతుంది. గేటు బయటి నుంచే దాని వీపు కనిపిస్తుంది, జనం కేకలు వినిపిస్తాయి.

పొద్దున్నంతా నేనూ సరాయ్ తిరిగాం. ఇగ్వానా రెండుసార్లు ఎక్కాం. అరుపుకోతి ఎక్కితే నా చెప్పులు ఊడిపోతాయని ముందే తీసి అక్కకిచ్చాను. పైన తలకిందులైనప్పుడు నేను తిట్టిన తిట్లు విని వెనక సీట్లో ఉన్న ముసలాయన కిందికొచ్చాక నాకు దండం పెట్టాడు. సరాయ్ నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుంది. అక్క మాత్రం కింద బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో రెండు సంచులు, వాటి మీద కిరీటం, కిరీటం పక్కన నా చెప్పులు.

ప్రతి కుటుంబానికీ ఇలా సంచులు కాసే మనిషి ఒకరుంటారు. ఆ బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు, టోపీలూ నీళ్ళ సీసాలూ పిల్లల బూట్లూ పట్టుకుని. ఎక్కువమంది అక్కలాగే భారీ మనుషులు. చూశాను కానీ నా మట్టిబుర్రకి అప్పుడేమీ తట్టలేదు.

"ఏంటే అక్కా, బెంచీకి అతుక్కుపోయావు? కనీసం ఇగ్వానా అయినా ఎక్కు. దాని మీద మూడేళ్ళ పిల్లలు కూర్చుని ఐస్‌క్రీము తింటున్నారు."

"మీరు తిరగండే. నాకిక్కడ బానే ఉంది."

"మూడూ ఇరవైకి మాత్రం తప్పించుకోలేవు. నువ్వు రానంటే ఈడ్చుకుపోతా. పిరికి మొహమా!"

అక్క కిరీటం మీద దుమ్ము ఊదుతూ కూర్చుంది. ఆ పిరికి మొహమా అన్న మాట నాకిప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు గంటలకి మొసలి దగ్గరికొచ్చాం. మెట్ల మొదట్లో ఉంది అది. నీటిగుర్రం బొమ్మ. పూల గౌను, నెత్తిన టోపీ, మూతికి ఎర్ర రంగు. కుర్చీలా ఒడి చాపుకుని కూర్చుంది. ఆ ఒళ్ళో మొసలి రైల్లో ఉండేలాంటి సీటే, పై నుంచి కిందికి లాగే ఇనప బార్. పక్కన పలక: "ఈమె టోమసా అమ్మగారు. ఈమె ఒళ్ళో పట్టినవాళ్ళే మొసలి ఎక్కాలి!" ఆ పక్కన చేతిలో మైకుతో ఒక మనిషి. ముప్పై ఐదేళ్ళుంటాయి, చొక్కాకి ఐమెర్ అని పేరు బిళ్ళ. ఈ మొసలి మొత్తం తన చేతి కింద నడుస్తున్నట్టు నిలబడ్డాడు.

క్యూ ముందుకు జరుగుతోంది. సన్నగా ఉన్నవాళ్ళని వాడు చూడను కూడా చూడడు. నేను దాటాను, ఏమనలేదు. నేనో ఎండు చేపని, నన్నేమంటాడు. సరాయ్ దాటింది, "హ్యాపీ బర్త్‌డే రాకుమారీ!" అన్నాడు. వెనకాల అక్క.

"అమ్మగారూ! ఆగండాగండి!" మైకులోనే. చుట్టుపక్కల యాభై మంది తలలు తిప్పారు. "మీరొకసారి టోమసా అమ్మగారి ఒళ్ళో కూర్చుని రావాలి!"

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నా చెవిలో అంది:

"అరేలిస్, నేను దాని ఒళ్ళో ఇదివరకే కూర్చున్నానే."

"ఎప్పుడు?"

"అప్పుడే. ఆరేళ్ళ కింద బడివాళ్ళతో వచ్చి, సరాయ్ ఇగ్వానా ఎక్కినప్పుడు. పిల్ల ముందు పరువు పోకూడదని ముందుగా వచ్చి నేనొక్కదాన్నీ చూసుకున్నా. పట్టలేదు. అందుకే భయమని చెప్పా. నాకు ఎత్తులంటే భయమేం లేదే. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగేది ఎవరనుకున్నావు?"

అవును. మా ఇంట్లో ట్యాంకు ఎక్కేది అక్కే. ఆరేళ్ళుగా నా కళ్ళ ముందే ఎక్కుతోంది. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటున్నాను. ఆ నిచ్చెన పట్టుకునే, ఎత్తులంటే భయమని ఆమెని వెక్కిరిస్తున్నాను. నా తలకాయలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

"పోదాం పదక్కా. సరాయ్‌కి నేను చెప్తా."

"ఏం చెప్తావు? పుట్టినరోజు నాడు మీ అమ్మ ఇందులో పట్టదని చెప్తావా?" అక్క సంచి నా చేతికిచ్చింది. "అప్పటికంటే ఇప్పుడు కాస్త తగ్గాను. పట్టొచ్చు."

తగ్గలేదు. నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా వెళ్ళింది. గౌను సర్దుకుని, బడి గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నంత మర్యాదగా నీటిగుర్రం ఒళ్ళో కూర్చుంది. ఐమెర్ బార్ కిందికి లాగాడు. పొట్ట మీద ఆగింది. గట్టిగా నొక్కాడు. అక్క ఊపిరి బిగబట్టింది. టక్ మనాలి. అనలేదు.

అయిదు సెకన్లు. ఆ తర్వాత నీటిగుర్రం గుర్రుమంది.

నిజంగానే. దాని లోపల పెట్టారు, ఒక స్పీకరు. బార్ పడకపోతే అది పందిలా గుర్రుమని, "అయ్యో నా ఒళ్ళు!" అంటుంది. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఐమెర్ మైకు ఎత్తి, "టోమసా అమ్మగారికి చెల్లెలు దొరికిందండోయ్!" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమన్నావురా?" అన్నాను. "మళ్ళీ అను! ఆ మైకులోనే అను, అందరికీ వినపడాలి!"

"సరదాకండీ, మేడమ్…"

"ఎవరికిరా సరదా? ఆవిడ నవ్వుతోందా? చూడు, కళ్ళు తెరిచి చూడు! ఆవిడ నీ చేత ఈ మాట అనిపించుకోడానికా టికెట్టు కొన్నది? బార్ పడదు, సరే, ప్రాణానికి మంచిది కాదు, చెప్పు. చెవిలో చెప్పు. ఈ పూల గౌనేంటి, ఈ గుర్రేంటి? మనిషిని కూర్చోబెట్టి పందిలా అరిపించే బుద్ధి ఏ తల్లి కన్న బిడ్డకొచ్చిందో పిలువు, నేను మాట్లాడతా!"

వాడు బల్ల కింద నుంచి ఒక బొమ్మ తీశాడు. మెత్తటి బొమ్మ, అరచేతిలో పట్టేంత. నీటిగుర్రం. ఎక్కలేనివాళ్ళకి పార్కు తరఫున కానుకట. పట్టనివాళ్ళందరికీ ఇస్తారట.

దాన్ని ఎటు విసిరానో నాకు తెలీదు. చెరువులో పడిందని సరాయ్ తర్వాత చెప్పింది.

సరాయ్ మెట్ల మీద నుంచి దిగి వచ్చింది. నవ్వినవాళ్ళ వైపు చూడలేదు, ఐమెర్ వైపు చూడలేదు. నేరుగా తల్లి దగ్గరికెళ్ళి నిలబడింది. అక్క ఇంకా ఆ సీట్లోనే ఉంది. బార్ ఎత్తడం వాడు మర్చిపోయాడు.

"అప్పుడు కూడా ఇంతేనా అమ్మా?"

అక్క తల ఊపింది.

"నాకెందుకు చెప్పలేదు? ఆరేళ్ళు నాతో అబద్ధం చెప్తావా? మా అమ్మ పిరికిదని నేను బళ్ళో అందరికీ చెప్పుకుని నవ్వాను!"

"నవ్వితే ఏమైందే. పిరికిదాన్నని నవ్వారు, అంతేగా. ఇందుకు నవ్వలేదు కదా."

సరాయ్ ఏడ్చింది. దుఃఖం కాదు, అది ఒట్టి కోపం. ముక్కుపుటాలు అదురుతున్నాయి, అచ్చం నాలాగే. "అయితే నేనూ ఎక్కను," అంది. "ఇంటికి పోదాం."

"నోర్ముయ్యి," అంది అక్క, బార్ తనే పైకి నెట్టుకుంటూ. "మూడూ పదవుతోంది. పిన్నితో ఎక్కు. నేను కింద నుంచి చూస్తా. పుట్టినరోజు నాడు నా మాట కాదంటే నేను ఊరుకోను. అరేలిస్, తీసుకెళ్ళవే దీన్ని!"

అక్క ఆ గొంతుతో అంటే మా ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. సంచులూ కిరీటమూ మళ్ళీ బెంచీ మీద ఆమె ఒళ్ళోకి చేరాయి. నేను సరాయ్ భుజం పట్టుకుని మెట్లెక్కించాను. శవయాత్రకి వెళ్తున్నట్టుంది మా ఇద్దరి మొహం.

పైన రైలెక్కే చోట ఒకామె బెల్టులు చూస్తోంది. నా వయసే ఉంటుంది, నలభై దాటి. ఒక్కో వరస దగ్గరా వంగి బార్ లాగి, బెల్టు గుంజి చూసి, చివరికి బొటనవేలు పైకెత్తుతుంది. ఆ వేలు లేచాకే కంట్రోలు గదిలో కూర్చున్నవాడు మీట నొక్కుతాడు. రైలు కదులుతుంది. పేరు బిళ్ళ మీద లూడిస్ అని ఉంది.

సరాయ్ పట్టీ చూసి, "పుట్టినరోజు నాడు ఏడుస్తావేంటమ్మా?" అంది.

అడగడమే ఆలస్యం, నేను మొదలెట్టాను. నీటిగుర్రం, గుర్రు, మైకు, ఆరేళ్ళు, వాల్ట్జ్, అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. లూడిస్ వింటూ వింటూ నడుం నిటారు చేసింది.

"ఎంత లావుంటుంది మీ అక్క?"

చేతులు చాపి చూపించాను.

"అంతేనా! అంతకంటే పెద్దవాళ్ళని కూర్చోబెట్టాను నేను. నాలుగో వరసకి తీసుకురావాల్సింది."

"ఏ నాలుగో వరస?"

"అదిగో. ఆ వరస సీట్లు వెడల్పు. ఒక్కో సీటుకి రెండు బెల్టులు. రెండూ పెడితే బార్ సగం పడినా చాలు, కంప్యూటరు ఒప్పుకుంటుంది. లావుగా ఉన్నవాళ్ళ కోసమే అలా చేయించారు."

"ఎప్పుడు చేయించారు?"

"ఎప్పుడేంటి? పార్కు తెరిచిన రోజు నుంచీ ఉంది."

ఆ మాటకి నా కాళ్ళలో ఏం జరిగిందో తెలీదు. సరాయ్‌ని అక్కడే వదిలి మెట్లు దిగేశాను. పైకొచ్చే జనానికి ఎదురెళ్తూ, మోచేతులతో తోసుకుంటూ, ఒకడి కూల్‌డ్రింకు వాడి చొక్కా మీదే ఒలకబోస్తూ కిందికొచ్చిపడ్డాను.

"నాలుగో వరసుందిట కదరా!"

ఐమెర్ మైకు కట్టేశాడు. అది నాకు బాగా గుర్తుంది. ఇందాక అక్కని వెక్కిరించేటప్పుడు అక్కరకొచ్చిన మైకు ఇప్పుడు అక్కర్లేకపోయింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్తే ఏంటి? ఉందా లేదా?"

"ఉందండి. కానీ దానికి రెండు బెల్టులు పెట్టాలి, తీయాలి, టైము పడుతుంది. ఒకటిన్నర నిమిషానికో రైలు పంపాలి మేము. అందుకని… అడిగినవాళ్ళకే చెప్పమన్నారు."

"అడిగినవాళ్ళకా?"

"అవునండి. అడిగితే కాదనం. ఆవిడ అడగలేదు కదా. ఎవరూ అడగరు."

ఎవరూ అడగరు. వినండి ఆ మాట. లేని దాని గురించి ఎవరు అడుగుతారు? పందిలా అరిపించి, జనం చేత నవ్వించి, చేతిలో బొమ్మ పెట్టి పంపిస్తే, ఆ మనిషి తల దించుకుని పోతుందా, వెనక్కి తిరిగి "బాబూ, ఇంకో వరసేమైనా ఉందా" అని అడుగుతుందా? నేను బెంచీల వైపు చూశాను. టోపీలూ సంచులూ బూట్లూ పట్టుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళు, మగవాళ్ళు. వాళ్ళలో ఎంతమందికి ఎత్తులంటే భయం? ఎంతమందికి నడుం నొప్పి? ఎంతమంది ఇంట్లో ఏ అబద్ధం చెప్పుకున్నారో ఎవరికి తెలుసు?

క్యూలో గొణుగుడు మొదలైంది. ఇందాక నవ్విన ఒకావిడ, "అదేంటయ్యా, ఉంటే చెప్పాలి కదా!" అంది. ఇప్పుడొచ్చింది నోరు. నవ్వేటప్పుడు ఏమైందో.

"పదక్కా," అన్నాను.

అక్క లేవలేదు. "టోమసా ఒప్పుకోలేదు కదే. మళ్ళీ పైన అందరి ముందూ పట్టకపోతే…"

"పట్టేస్తావు."

"రూలు ప్రకారం ఇక్కడ పట్టనివాళ్ళని పైకి పంపకూడదండీ," అని ఐమెర్ గొలుసు అడ్డం పెట్టాడు.

అప్పుడు పై నుంచి లూడిస్ కేక వినపడింది. కటకటాల మీద నుంచి వంగి చూస్తోంది.

"ఐమెర్! రైలు నిండింది. నాలుగో వరస ఖాళీ. పంపు."

"రూలు, లూడిస్!"

"రూలు నాకూ తెలుసు. నా బొటనవేలు లేస్తేనే ఈ రైలు కదులుతుంది. అది ఇప్పుడు లేవదు. సాయంత్రం దాకా ఇలాగే ఉండమంటే ఉంటా, నాకేం. నీ ఒకటిన్నర నిమిషాలు నువ్వు లెక్కెట్టుకో."

రైల్లో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. ఏం జరుగుతోందో వాళ్ళకి తెలీదు, ఆలస్యమవుతోందని కొడుతున్నారు. అయినా పనికొచ్చింది. ఐమెర్ గొలుసు తీశాడు. అక్క లేచింది. నేను సంచులు రెండూ, కిరీటం, నా చెప్పులూ తీసి ఐమెర్ చేతుల్లో పెట్టాను.

"పట్టుకో. అందులో కారిమన్యోలాలున్నాయి, ఒక్కటి తగ్గినా నీ పని చెప్తా."

పైకెళ్ళేసరికి మూడూ ఇరవై ఏడు. అక్క గడియారం చూసి నొచ్చుకుంది. "టైము దాటిపోయిందే తల్లీ," అంది. వెంటనే తనే సర్దుకుంది. "అయినా మూడూ ఇరవై అని రాసింది నర్సు. ఆవిడ అసలు గడియారమే చూడలేదు, నేను చూశాగా."

నాలుగో వరసలో కూర్చున్నారు తల్లీకూతుళ్ళు. నేను వెనక అయిదో వరసలో, లూడిస్ ఆపి ఉంచిన సీట్లో. లూడిస్ అక్క మీదికి వంగి మొదటి బెల్టు పెట్టింది, రెండోది పెట్టింది, బార్ దించింది. అక్క కళ్ళు మూసుకుంది. నేను కూడా మూసుకున్నాను.

టక్.

అంతే. అంత చిన్న చప్పుడు. లూడిస్ బెల్టులు ఒకసారి గుంజి చూసి, "ఇదే కదమ్మా కావాల్సింది," అని, బొటనవేలు ఎత్తింది.

పైకి ఎక్కుతున్నంతసేపూ అక్క మాట్లాడుతూనే ఉంది. అదిగో నది, అదిగో వంతెన, అదిగో మన బడి కప్పు అంటూ. పైన ఆగిన ఆ ఒక్క క్షణంలో సరాయ్ చెయ్యి చాపింది. అక్క పట్టుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పలేను, నేను కళ్ళు గట్టిగా మూసుకుని మా పూర్వీకులందరినీ పేరు పేరునా పిలుచుకుంటున్నాను. ముందు వరసలో మాత్రం ఒక నవ్వు వినిపించింది. చిన్నప్పుడు మా పెరట్లో వాన పడితే అక్క అలా నవ్వేది. చెరువు నీళ్ళు మొహాన కొట్టాయి, రైలు ఇటూ అటూ విసిరేసింది, నవ్వు ఆగలేదు.

రైలు ఆగాక సరాయ్ తల్లి మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. చూశారా అన్నట్టు నేను లూడిస్ వైపు చూశాను. ఆమె అప్పటికే తర్వాతి వాళ్ళ బెల్టులు చూసుకుంటోంది.

మెట్లు దిగుతుంటే అక్క ఆగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను.

"ఏంటే అక్కా, ఎక్కావు కదా, ఇంకేంటి?"

"తొమ్మిదేళ్ళది అరేలిస్," అంది. "అప్పుడు తొమ్మిదేళ్ళది. ఇక్కడే, ఈ మెట్ల దగ్గరే, రామ్మా రామ్మా అని చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. వేరే ఆవిడ చేతిలో పెట్టి పంపించా. ఈ వరస అప్పుడూ ఉంది కదే. ఉంది కదా!"

పదిహేనేళ్ళ పిల్ల పక్కనే ఉంది, నవ్వుతోంది, బాగానే ఉంది. ఆ తొమ్మిదేళ్ళ పిల్లని ఎవడు తెచ్చిస్తాడు? ఏ పార్కు తెచ్చిస్తుంది?

కిందికి దిగాం. సంచులు తీసుకున్నాం. లెక్క చూశాను, ఒక్కటీ తగ్గలేదు. ఇంకో రెండుసార్లు మొసలి ఎక్కి ఇంటికి పోదామని సరాయ్ అంటోంది. అక్క వినడం లేదు. క్యూ వైపు చూస్తోంది.

క్యూలో ఒక మనిషి, భారీ మనిషి, చొక్కా చెమటకి తడిసిపోయింది. పక్కన పదేళ్ళ కూతురు. ఆయన కళ్ళు నీటిగుర్రం మీదే ఉన్నాయి. ఇంకా నాలుగు అడుగులుంది. కూతురి వైపు వంగి అంటున్నాడు: "నువ్వెళ్ళు తల్లీ. నాకు మధ్యాహ్నం నుంచీ కడుపులో బాలేదు."

ఐమెర్ మైకు పెదాల దాకా తెచ్చాడు.

అక్క గొలుసు కింద నుంచి వంగి దూరి, రెండంగల్లో వెళ్ళి నీటిగుర్రం ఒళ్ళో కూర్చుంది. కూర్చుని, చాలా తాపీగా, బార్ తనే పొట్ట మీదికి లాక్కుంది. అయిదు సెకన్లు. గుర్రుమంది. "అయ్యో నా ఒళ్ళు!" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక చిన్నపిల్లాడు నవ్వబోతే వాళ్ళమ్మ నోరు మూసింది.

"అమ్మా, మీరు ఎక్కేశారు కదా, లేవండి," అన్నాడు ఐమెర్.

"ఎలా లేస్తాను? బార్ ఇంకా పడలేదు కదా. పడేదాకా కూర్చుంటా. మీ రూలే కదా, ఇందులో కూర్చుని తీరాలని."

"వేరేవాళ్ళు కూర్చోవాలి…"

"సీటు ఖాళీ లేదు మరి. వాళ్ళని పైకి పంపు." ఆ భారీ మనిషి వైపు తిరిగింది. "నాలుగో వరస అని అడుగు నాయనా. రెండు బెల్టులుంటాయి. పైన లూడిస్ అని ఉంటుంది, బంగారంలాంటి మనిషి. కడుపులో బాలేకపోతే దిగాక చూద్దాం, నా దగ్గర మందుంది."

ఆయన అక్క వైపు చూసి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఐమెర్ గొలుసు పట్టుకుని నిలబడ్డాడు, నేను ఐమెర్‌ని చూస్తూ నిలబడ్డాను. చివరికి వాడే గొలుసు తీశాడు. ఆ మనిషి కూతురి వెనక మెట్లెక్కాడు, ఒక్కో మెట్టుకీ రెయిలింగు గట్టిగా పట్టుకుంటూ.

నీటిగుర్రం మళ్ళీ గుర్రుమంది. అక్క సంచిలోంచి కారిమన్యోలా తీసి కొరికింది. ఇద్దరు గార్డులొచ్చారు, అక్కని చూశారు, నన్ను చూశారు, చెరో రెండు తిని వెళ్ళిపోయారు. సరాయ్ కిరీటం తల్లి నెత్తిన పెట్టి పక్కన నిలబడింది. నాలుగున్నరకి ఎవరో వచ్చి ఆ స్పీకరు వైరు పీకేశారు. పార్కు ఆరింటికి మూస్తారు. అప్పటిదాకా మా అక్క అక్కడి నుంచి లేవలేదు.